రెండు నోబెళ్ళు తెచ్చిన బడి కోసం డెర్రీకి

శుక్రవారం

ఉత్తర ఐర్లాండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లోని గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో డెర్రీ రైలెక్కాను. రెండు గంటల పైచిలుకు ప్రయాణం. "కోల్‌రేన్ దాకా నిద్రపోయినా ఫరవాలేదు అన్నయ్యా, ఆ తర్వాత మాత్రం కుడివైపు కిటికీ దగ్గర కూర్చో" అని మా చెల్లెలు ఫోన్లో చెప్పింది. చెప్పింది నిజమే. కాజిల్‌రాక్ దాటాక రైలు కొండ సొరంగంలో దూరి, బయటికి రాగానే అట్లాంటిక్ ఒడ్డున పడింది. పట్టాలకూ అలలకూ మధ్య ఇసుక తప్ప ఇంకేం లేదు. వెనక్కి తిరిగి చూస్తే కొండ అంచున గుండ్రటి చిన్న మండపం. ఇంకో నాలుగడుగులు ముందుకు కట్టి ఉంటే సముద్రంలో పడేదే!

అది ముసెండెన్ టెంపుల్. పేరులో టెంపుల్ ఉన్నా గుడి కాదు, పుస్తకాలు పెట్టుకోవడానికి కట్టించుకున్న గది. 1785లో కట్టించినాయన ఫ్రెడరిక్ హార్వీ, డెర్రీకి ప్రొటెస్టెంట్ బిషప్. డబ్బున్నవాడు, తిక్క ఉన్నవాడు, దేశాలు పట్టుకుని తిరిగినవాడు. ఆ చుట్టుపక్కల క్యాథలిక్కులకు చర్చి లేకపోతే, వారానికోసారి ఇక్కడే మీ పూజ చేసుకోండి అని తన మండపంలో చోటిచ్చాడు. క్యాథలిక్కుల మీద సవాలక్ష ఆంక్షలున్న కాలంలో ఇది చిన్న విషయమేం కాదు. నేను వెళ్తున్న బడికీ ఈయనకూ సంబంధం ఉంది కాబట్టే ఇంత చెబుతున్నాను. డెర్రీ కోటగోడ బయట ఈయనకో విలాస భవనం ఉండేది, దాన్ని కసీనో అనేవారు. ఆ తోటలోనే 1879లో క్యాథలిక్కులు మగపిల్లల కోసం సెయింట్ కొలంబ్స్ కాలేజ్ పెట్టారు. పేరుకు కాలేజ్ గానీ అది హైస్కూలే. పదకొండేళ్ళకు చేరి పద్దెనిమిదికి బయటికొస్తారు.

ఈ బడిలో చదివిన ఇద్దరికి నోబెల్ వచ్చింది. 1995లో సాహిత్యానికి షేమస్ హీనీ. 1998లో శాంతికి జాన్ హ్యూమ్, డేవిడ్ ట్రింబుల్‌తో కలిపి. లక్ష జనాభా ఉందో లేదో అన్నట్టున్న ఊళ్ళో ఒక్క బడికి రెండు నోబెళ్ళు ఎలా వచ్చాయన్నది చాలా కాలంగా నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న. చెల్లెలి కుటుంబం ఇక్కడ స్థిరపడ్డాక రావడానికి సాకు దొరికింది.

డెర్రీలో రైలు ఫోయిల్ నది తూర్పు ఒడ్డున, వాటర్‌సైడ్‌లో ఆగుతుంది. పాత స్టేషన్ భవనాన్ని బాగుచేసి 2019లో మళ్ళీ తెరిచారు. 1968 అక్టోబరు 5న ఇళ్ళ కోసం, ఓటు హక్కు కోసం జనం ఊరేగింపుగా బయల్దేరింది ఈ స్టేషన్ ముందు నుంచే. పక్కనున్న డ్యూక్ స్ట్రీట్‌లో పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. ఆ దృశ్యాలు టీవీలో ప్రపంచమంతా చూసింది. ఊరేగింపు నడిపించినవాళ్ళలో ఒకడైన ఈమన్ మెక్‌కాన్ సెయింట్ కొలంబ్స్ కుర్రాడే. ఆ రోజు జనంలో ఉన్న జాన్ హ్యూమ్ కూడా ఆ బడివాడే. రైలు దిగీ దిగగానే బడి చరిత్ర ఎదురొచ్చింది.

బావగారు కారు తెస్తానన్నారు. వద్దని, 2011లో కట్టిన పీస్ బ్రిడ్జి మీదుగా నడిచి అవతలికి వెళ్ళాను. గాలి మాత్రం మనిషిని లేపేసేలా ఉంది.

శనివారం

పొద్దున్నే చెల్లెలింట్లో పెసరట్టు తిని గోడలెక్కాను. 1613లో మొదలుపెట్టి ఐదారేళ్ళలో కట్టిన కోట ఇది, చుట్టుకొలత సుమారు కిలోమీటరున్నర. గోడ మీదే నడుస్తూ ఊరంతా చుట్టి రావచ్చు. టూరిస్టులు చేసేది అదే, నేనూ చేశాను. దాని గురించి ఎక్కువ చెప్పను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. గోడ లోపల 1633 నాటి ప్రొటెస్టెంట్ కెథెడ్రల్ ఉంది, పేరు సెయింట్ కొలంబ్స్. గోడ బయట క్యాథలిక్ బడి పేరూ సెయింట్ కొలంబ్స్. ఆరో శతాబ్దపు సన్యాసి కొలంబా ఇద్దరికీ కావలసినవాడే. అసలు ఊరి పేరు దగ్గరే తగువుంది. క్యాథలిక్కులు డెర్రీ అంటారు, ప్రొటెస్టెంట్లలో చాలామంది లండన్‌డెర్రీ అంటారు. అలాంటి చోట ఆ సన్యాసి మీద మాత్రం పేచీ లేదు.

బిషప్స్ గేట్ దాటి బిషప్ స్ట్రీట్‌లో దక్షిణంగా నడిస్తే పాత బడి భవనాలు వస్తాయి. సెయింట్ కొలంబ్స్ 1973లో బంక్రానా రోడ్డులో కొత్త క్యాంపస్ కట్టుకుంది. 1997 నుంచి ఈ పాత చోట లూమెన్ క్రిస్టీ కాలేజ్ అనే మరో క్యాథలిక్ గ్రామర్ స్కూల్, అంటే మార్కులు చూసి చేర్చుకునే హైస్కూల్, నడుస్తోంది, అందులో ఆడపిల్లలూ ఉన్నారు. సెలవు రోజు కాబట్టి గేటు బయటే నిలబడ్డాను. ఆవరణలో పాత గాలిమర మొండెం ఇంకా ఉంది. 1689లో డెర్రీని 105 రోజులు ముట్టడించినప్పుడు ఈ గాలిమర చుట్టూ యుద్ధం జరిగింది. క్యాథలిక్ రాజు సైన్యాన్ని ప్రొటెస్టెంట్లు ఆపిన గుట్ట మీద, రెండు వందల ఏళ్ళకు క్యాథలిక్ పిల్లలు లాటిన్ వల్లె వేశారన్నమాట.

మొదట్లో ఇది పెద్ద ఆశలతో పెట్టిన బడి కాదు. డెర్రీ డయాసిస్‌కు, అంటే బిషప్ కిందుండే ప్రాంతానికి, ఫాదర్లు కావాలి. తెలివైన కుర్రాళ్ళను ఏరి, లాటిన్ నేర్పి, మేనూత్ సెమినరీకి పంపాలి. బడి మోటో కూడా అదే చెబుతుంది: ముందు దేవుని రాజ్యాన్ని వెతుకు. పల్లెటూరి పిల్లలు బోర్డింగ్‌లో ఉండేవారు, ఊళ్ళో పిల్లలు రోజూ వచ్చి వెళ్ళేవారు. ఫీజు కట్టగలిగినవాళ్ళూ, ఉన్న కాసిని స్కాలర్‌షిప్పులు దక్కించుకున్నవాళ్ళూ తప్ప మిగతావాళ్ళకు ఇది అందని బడి. నాటక రచయిత బ్రయన్ ఫ్రీల్ 1940లలో ఇక్కడ చదివాడంటే, ఆయన తండ్రి అదే ఊళ్ళో స్కూలు మాస్టారు.

కథ తిరిగింది 1947లో. ఉత్తర ఐర్లాండ్ ప్రభుత్వం ఆ ఏడాది విద్యా చట్టం తెచ్చింది. పదకొండేళ్ళ వయసులో ఒక పరీక్ష, దాని పేరు ఎలెవెన్ ప్లస్. నెగ్గితే గ్రామర్ స్కూల్లో ఫీజు లేకుండా చదువు, ఆ పైన యూనివర్సిటీకి గ్రాంటు. క్యాథలిక్ బడుల భవనాలకు ఇచ్చే గ్రాంటును కూడా సగం నుంచి 65 శాతానికి పెంచారు. ఆ ప్రభుత్వం యూనియనిస్టులది, అంటే బ్రిటన్‌తోనే ఉండాలనే ప్రొటెస్టెంట్లది. సొంతవాళ్ళే మంత్రి హాల్-థాంప్సన్ మీద మండిపడ్డారు. క్యాథలిక్ బడుల టీచర్ల ఇన్సూరెన్స్ ఖర్చు కూడా భరిస్తాననేసరికి గొడవ ముదిరి, 1949లో ఆయన పదవి పోయింది.

పాపం ఆ మంత్రిని ఇప్పుడెవరూ తలుచుకోరు. నన్నడిగితే ఈ బడి గోడ మీద ఆయన బొమ్మ కూడా పెట్టాలి. బడి అంతకు ముందూ ఉంది, పాఠాలు అవే, ఫాదర్లు అలాంటివాళ్ళే. చట్టం వచ్చాక ఐదారేళ్ళలో లోపలికొచ్చిన పిల్లలు చూడండి. షిప్‌యార్డులో పనిచేసి తర్వాత ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న మనిషి కొడుకు హ్యూమ్, ఏడుగురు పిల్లల్లో పెద్దవాడు. పశువుల బేరగాడి కొడుకు హీనీ, తొమ్మిదిమందిలో పెద్దవాడు. బాగ్‌సైడ్ మురికివాడ నుంచి షేమస్ డీన్, తర్వాత పెద్ద విమర్శకుడయ్యాడు, నవల రాసి 1996లో బుకర్ ఫైనల్ జాబితా దాకా వెళ్ళాడు. అదే వాడ నుంచి మెక్‌కాన్. సంగీత దర్శకుడు ఫిల్ కూల్టర్, 1967 యూరోవిజన్ పోటీలో గెలిచిన పాటకు సహరచయిత. సర్కారు తన డబ్బుతో చదివించిన ఈ కుర్రాళ్ళే ఇరవయ్యేళ్ళు తిరక్కుండా ఆ సర్కారును నిలదీశారు. అప్పటికి డెర్రీలో క్యాథలిక్కులే ఎక్కువమంది. అయినా వార్డుల హద్దులు వంకరటింకరగా గీసి, మున్సిపాలిటీలో యూనియనిస్టులకు 12 సీట్లు, ఐర్లాండ్‌తో కలవాలనే నేషనలిస్టులకు 8 సీట్లు ఉండేలా చూసుకున్నారు. చదువుకున్న పిల్లవాడికి ఈ లెక్క అర్థం కాకుండా ఉంటుందా?

గేటు దగ్గర కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన నన్ను చూసి ఆగాడు. ఇండియా నుంచి ఈ బడి చూడ్డానికి వచ్చానంటే పెద్దగా నవ్వాడు. వాళ్ళన్న ఎలెవెన్ ప్లస్ నెగ్గి ఇందులో చదివాడట. ఈయన తప్పాడు. అన్న యూనివర్సిటీకి, తమ్ముడు పదిహేనేళ్ళకే ఇంగ్లండ్‌లో బిల్డింగ్ పనికి. "ఒకే మంచంలో పడుకునేవాళ్ళం. ఆ సెప్టెంబరు నుంచి మా అమ్మ వాడికి మాత్రం మడత నలగని షర్టు ఇచ్చేది" అన్నాడు. కోపంగా అన్లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పి, కుక్క లాగుతుంటే వెళ్ళిపోయాడు.

లోపలికెళ్ళినవాళ్ళకూ అంతా పూలపాన్పు కాదు. ఆ రోజుల్లో దెబ్బలు మామూలు. మెక్‌కాన్ మొదటి రోజు ముచ్చట ఒకటి రాసుకున్నాడు. మీదెక్కడ అని మాస్టారు అడిగితే రాస్‌విల్ స్ట్రీట్ అన్నాడు. ఓహో, నెలకోసారి స్నానం చేసే వీధా అన్నాడట మాస్టారు. సీటు ఉచితమైనంత మాత్రాన చూపు మారదు కదా. మన దగ్గర కూడా ఫ్రీ సీటులో పెద్ద కాన్వెంట్‌కు వెళ్ళినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు.

ఆదివారం

రాస్‌విల్ స్ట్రీట్ చూద్దామని బాగ్‌సైడ్‌లో దిగాను. కోటగోడ కింద పల్లంలో ఉంటుంది ఈ వాడ. స్వేచ్ఛా డెర్రీలోకి అడుగుపెడుతున్నారని 1969లో రాసిన గోడ ఇప్పటికీ తెల్లగా నిలబడి ఉంది. చుట్టూ ఇళ్ళ గోడల మీద మూడంతస్తుల ఎత్తు బొమ్మలు. ఒకదాని ముందు చాలాసేపు ఆగిపోయాను. నలుగురు మగవాళ్ళు, తుపాకీ తగిలిన కుర్రాణ్ణి మోసుకెళ్తున్నారు. ముందు ఒక ఫాదర్ వంగి నడుస్తూ నెత్తుటి మరకల తెల్ల చేతిరుమాలు ఊపుతున్నాడు. 1972 జనవరి 30, బ్లడీ సండే. పౌరహక్కుల ఊరేగింపు మీద బ్రిటిష్ సైన్యం కాల్పుల్లో ఆ రోజే 13 మంది చనిపోయారు, తర్వాత ఇంకొకరు. ఆ కుర్రాడు జాకీ డడీ, 17 ఏళ్ళు. ఆ ఫాదర్ ఎడ్వర్డ్ డేలీ, సెయింట్ కొలంబ్స్ బోర్డింగ్‌లో పెరిగినవాడే. తర్వాత రెండేళ్ళకు డెర్రీ బిషప్ అయ్యాడు. చనిపోయినవాళ్ళ తప్పేమీ లేదని బ్రిటన్ ప్రభుత్వం వేయించిన సావిల్ విచారణ తేల్చి, బ్రిటన్ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పేసరికి 2010 జూన్ వచ్చింది.

కొంచెం అవతల హ్యూమ్ బొమ్మ. పక్కన మార్టిన్ లూథర్ కింగ్, నెల్సన్ మండేలా, మదర్ థెరెసా. ఆ నీలం అంచు చీర చూడగానే మన ఊరి మనిషి కనబడ్డట్టయింది. హ్యూమ్‌కు మనతో ఇంకో లంకె ఉంది. 2001 సంవత్సరానికి భారత ప్రభుత్వం గాంధీ శాంతి బహుమతి ఇచ్చింది ఈయనకే. నోబెల్, గాంధీ, కింగ్ అవార్డులు మూడూ అందుకున్న మనిషి ఇంకొకరు లేరు.

హ్యూమ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. బడి కోరుకున్నట్టే మేనూత్ సెమినరీకి వెళ్ళాడు, ఫాదర్ కాకుండా తిరిగొచ్చాడు, టీచరయ్యాడు. తను చదివిన బడిలోనే ఫ్రెంచి, చరిత్ర చెప్పాడు. బ్యాంకులు పేదవాళ్ళకు అప్పివ్వని ఆ రోజుల్లో, 1960లో, మరికొందరితో కలిసి క్రెడిట్ యూనియన్ పెట్టాడు. మన పొదుపు సంఘాల పద్ధతే. మొదటి రోజు పోగైంది ఏడు పౌండ్లు. 1965లో ఉత్తర ఐర్లాండ్ రెండో యూనివర్సిటీని డెర్రీకి కాకుండా చిన్న ఊరైన కోల్‌రేన్‌కు ఇవ్వమని ప్రభుత్వ కమిటీ చెబితే, ఊళ్ళో రెండు మతాలవాళ్ళనూ కూడగట్టి కార్ల బారుతో స్టార్మాంట్‌లోని ఉత్తర ఐర్లాండ్ పార్లమెంటుకు తీసుకెళ్ళాడు. యూనివర్సిటీ రాలేదు గానీ నాయకుడు పుట్టాడు. 1970లో, హింస వద్దనే నేషనలిస్టుల పార్టీ ఎస్‌డీఎల్‌పీ స్థాపకుల్లో ఒకడు, 1979 నుంచి 2001 దాకా దానికి అధ్యక్షుడు. తుపాకులు పట్టినవాళ్ళ పక్షాన ఉన్న జెర్రీ ఆడమ్స్‌తో మాట్లాడుతున్నందుకు సొంత పార్టీలోనే తిట్లు తిన్నాడు. ఆ మాటలే పెరిగి పెద్దవై మూడు దశాబ్దాల హింసకు ముగింపు పలికిన 1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం దాకా దారి తీశాయి. చిన్నప్పుడు ఒక నేషనలిస్టు సభలో జెండాలు చూసి తాను ఊగిపోతుంటే, జెండాను తినలేం నాయనా అని తండ్రి అన్న మాట హ్యూమ్ జీవితాంతం చెబుతూ ఉండేవాడు. 2020 ఆగస్టు 3న పోయాడు. కోవిడ్ కాలం కాబట్టి, వేలమంది రావలసిన అంత్యక్రియలు కొద్దిమందితో జరిగాయి.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి డైనింగ్ టేబుల్ నిండా కాగితాలు. మా మేనల్లుడు ఏడో ప్రైమరీ, నవంబరులో ట్రాన్స్‌ఫర్ టెస్ట్. సర్కారీ ఎలెవెన్ ప్లస్ 2008తో ఆగిపోయింది. ఆగితే ఏం, గ్రామర్ స్కూళ్ళు సొంతంగా పరీక్ష పెట్టుకున్నాయి. ఇప్పుడు రెండు శనివారాల్లో రెండు పేపర్లు, ఇంగ్లిషు, లెక్కలు. పిల్లవాడు భిన్నాల లెక్క దగ్గర రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం చింపేశాడు. చెల్లెలికి టెన్షన్, వాడికి అంతకన్నా ఎక్కువ. బావగారు ఇక్కడి ఆస్పత్రిలో డాక్టరు, చిన్నప్పుడు నవోదయ పరీక్ష నెగ్గి చదువుకున్నవాడు. ఆయనకిది అన్యాయమని ఎంత చెప్పినా ఎక్కదు. "ఆ పరీక్ష లేకపోతే నేను మా ఊళ్ళో మిర్చి కోస్తుండేవాణ్ణి" అంటారు. "మీ క్లాసులో తప్పినవాళ్ళు ఏం చేస్తున్నారు మరి?" అంటుంది చెల్లెలు. ఆయన జవాబు చెప్పకుండా టీ పెట్టడానికి లేచారు. సర్వేల్‌లో 1971లో మొదటి గురుకులం పెట్టినప్పటి నుంచి మనవైపు కూడా ఇదే వాదన, ఇప్పటికీ తేలలేదు.

"మామయ్యా, ఆ స్కూల్లో ఫుట్‌బాల్ ఉందా?" ఇది వాడి ఏకైక ప్రశ్న. ఉంది. 1965లో ఆలిండియాలాగా ఆల్-ఐర్లాండ్ స్కూళ్ళ గేలిక్ ఫుట్‌బాల్ (ఐర్లాండ్ వాళ్ళ సొంత ఆట) ట్రోఫీ, హోగన్ కప్, గెలిచిన బడి అది. నాటింగ్‌హమ్ ఫారెస్ట్‌కు ఆడి, తర్వాత పెద్ద మేనేజరైన మార్టిన్ ఓనీల్ కూడా కొన్నాళ్ళు అక్కడే చదివాడు. నోబెళ్ళ గురించి చెప్పినప్పుడు ఆవలించినవాడు దీనికి మాత్రం కళ్ళింత చేశాడు.

సోమవారం

బంక్రానా రోడ్డు. కొత్త క్యాంపస్‌లో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, 1970ల నాటి కట్టడాలూ మైదానాలూ. బడి వదిలే వేళకు రోడ్డవతల నిలబడ్డాను. బ్లేజర్లు, బరువు బ్యాగులు, ఒకణ్ణొకడు తోసుకోవడం, చిప్స్ పొట్లాలు. వందలమంది మగపిల్లలు ఒక్కసారి బయటపడితే ఎక్కడైనా అంతే గోల. ఇంకా మగపిల్లల బడిగానే ఉంది, ఇంకా మార్కులు చూసే చేర్చుకుంటుంది. అక్కణ్ణుంచి ఇంకాస్త ముందుకెళ్తే సరిహద్దు, అవతల ఐర్లాండ్ రిపబ్లిక్‌లోని డొనెగాల్. ఒకప్పుడు సైనికుల చెక్‌పోస్టులుండేవి. ఇప్పుడు దేశం మారిందని ఫోన్లో వచ్చే మెసేజే చెప్పాలి.

తిరిగొస్తూ గిల్డ్‌హాల్‌లోకి వెళ్ళాను. 1980లో ఫ్రీల్, నటుడు స్టీఫెన్ రే కలిసి ఫీల్డ్ డే అనే నాటక సంస్థ పెట్టి తొలి ప్రదర్శన ఇచ్చింది ఈ హాల్లోనే. నేషనలిస్టులకు పరాయిదైన మున్సిపాలిటీ భవనంలో వాళ్ళ నాటకం! ఆ సంస్థ డైరెక్టర్లు ఆరుగురిలో ముగ్గురు, అంటే ఫ్రీల్, హీనీ, డీన్, సెయింట్ కొలంబ్స్ వాళ్ళే.

మంగళవారం

బెల్‌ఫాస్ట్‌కు తిరుగు ప్రయాణంలో బెలాఘీ. హీనీ ఊరు. డెర్రీ నుంచి 212 నంబరు బస్సులో కాజిల్‌డాసన్ దగ్గర దిగి, అక్కణ్ణుంచి టాక్సీ పట్టుకున్నాను. ఒకప్పటి పోలీసు బ్యారక్ ఉన్న చోట 2016లో హీనీ హోమ్‌ప్లేస్ అనే కేంద్రం తెరిచారు. ఆయన తొడుక్కున్న డఫిల్ కోటు ఒకటి అక్కడుంది, మనిషి ఇప్పుడే విప్పి తగిలించినట్టు.

హీనీ 1951లో, పన్నెండేళ్ళకు ఈ చుట్టుపక్కల నుంచే బోర్డింగ్‌కు వెళ్ళాడు. 1953 ఫిబ్రవరిలో ఇంటి దగ్గర రోడ్డు ప్రమాదంలో నాలుగేళ్ళ తమ్ముడు క్రిస్టఫర్ పోయాడు. కబురు బడికి చేరాక, ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు వచ్చేదాకా కుర్రాణ్ణి బడిలో జబ్బు పిల్లల గదిలో కూర్చోబెట్టారు. తర్వాత ఎన్నో ఏళ్ళకు దాని మీద రాసిన పద్యం ఐర్లాండ్‌లో బడిపిల్లలందరికీ తెలుసు. ఆ పద్యంలో కవి ఏడవడు. శవపేటిక పొడవు, దెబ్బ ఎక్కడ తగిలింది, ఎవరు చేయి కలిపారు, అంతే. ఆ బడి హీనీకి లాటిన్ ఇచ్చింది, డీన్ లాంటి స్నేహితుణ్ణిచ్చింది, 1957లో క్వీన్స్ యూనివర్సిటీ దాకా చేర్చింది. ఇంటి బెంగ కూడా అదే ఇచ్చింది. ఊరి చేలూ బావీ పీట్ నేలా ఆయన కవిత్వంలోకి అంత బలంగా రావడానికి ఆ ఆరేళ్ళ దూరమే కారణమని నాకనిపిస్తుంది.

సెయింట్ మేరీస్ చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది. 2013 ఆగస్టులో పోయాడు. తల్లిదండ్రులూ ఆ చిన్న తమ్ముడూ కూడా అదే శ్మశానంలో ఉన్నారు.

ఎవరైనా ఇటు వస్తే చిన్న సలహా. చాలామంది బెల్‌ఫాస్ట్ నుంచి పొద్దున రైల్లో వచ్చి, గోడలు చుట్టి, సాయంత్రం రైలెక్కేస్తారు. ఒక రాత్రి ఉండండి. బిషప్ స్ట్రీట్ నుంచి బాగ్‌సైడ్‌కు నడక పావుగంట కూడా పట్టదు, ఈ కథంతా ఆ పావుగంటలోనే ఉంది. బెలాఘీకి మాత్రం రైలు లేదు, టాక్సీ తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోవాలి. గొడుగు దండగ, ఆ గాలికి నిలవదు. టోపీ ఉన్న రెయిన్‌కోటు తెచ్చుకోండి.